దానం కాదు, బాకీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మన పండుగ. ఇంకో ఎనిమిది రోజులకు క్రిస్మస్. రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి గనుక, సంఘంలో నేనొక క్రైస్తవ సభ్యుణ్ణి గనుక, నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. క్రీస్తు జననం గురించి పాస్టరుగార్లు నాకంటే బాగా చెబుతారు. నేను వేరే విషయం ఎంచుకున్నాను. ఇందాక విరామంలో మనమందరం తాగిన కాఫీ గురించి మాట్లాడతాను. ఆ కాఫీ పండించే చిన్నరైతుకూ క్రైస్తవ విశ్వాసానికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. ఈ రోజు మనం జరుపుకుంటున్న పండుగకూ ఉన్నది. ముందు అదే మనవి చేస్తాను.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారాగారి కేసులో తీర్పు చెప్పింది. ఆయన రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరయ్యారు. పెన్షన్ లెక్కగట్టే పద్ధతిని ప్రభుత్వం మెరుగుపరిచి, 1979 మార్చి 31 అని ఒక గీత గీసి, గీతకు ఇవతలివారికే అది వర్తిస్తుందన్నది. అవతలివారు ఏం పాపం చేశారని ఆయన కోర్టుకు వెళ్లారు. ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుని ఆ గీతను చెరిపివేశారు. పెన్షన్ అనేది యజమాని దయతలచి పడేసేది కాదు, చేసిన సేవకు రావలసినది అని ఆ తీర్పు సారాంశం. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే ఆ మాట కోర్టు చెప్పింది గాని, దానికి పూర్తి బలం నకారా తీర్పుతోనే వచ్చింది.

దయకూ హక్కుకూ తేడా ఏమిటో ఈ హాలులో ఉన్నవారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. డి.ఆర్. ఎరియర్సు మూడు నెలలు ఆలస్యమైతే మనం ఎంత గొడవ చేస్తామో మనకే తెలుసు. "పోనీలెండి, ప్రభుత్వం దయతో ఇస్తున్నది కదా" అని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. ఇక కాఫీ రైతు దగ్గరకు వెళదాం. అతని గొడవ కూడా అక్షరాలా ఇదే.

ముందుగా కాఫీ ఎలా వస్తుందో తెలియాలి. మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని కాపు మొదలుకాదు. కాయలన్నీ ఒకేసారి పండవు. ఎర్రబడినవాటిని ఏరి కోయాలి. ఒకే చెట్టు దగ్గరకు మూడు నాలుగుసార్లు వెళ్లాలి. కోసిన రోజునే పైతోలు తీసి, జిగురు పోయేదాకా పులియబెట్టి, కడిగి, ఎండబోయాలి. అలా ఎండినదాన్ని పార్చ్‌మెంటు అంటారు. దానిపై పొట్టు కూడా తీస్తే మనం ఎరిగిన పచ్చిగింజ. సుమారు ఆరు కిలోల పండుకు ఒక కిలో గింజ వస్తుంది. తోలు తీసే మిషనూ, శుభ్రమైన నీళ్లూ, ఎండబోసే కళ్లమూ ఉన్నవాడు పార్చ్‌మెంటు అమ్ముతాడు. లేనివాడు పండునే అమ్ముకోవాలి. పండు రెండో రోజుకే చెడిపోతుంది. కొనేవాడికి ఆ సంగతి తెలుసు. సాయంత్రం దాకా ఆగి, చీకటి పడే వేళకు వచ్చి బేరమాడతాడు.

ధర సంగతి ఇంకా విచిత్రం. మేలురకమైన అరబికా గింజకు రేటు న్యూయార్కు ఎక్స్ఛేంజీలో పలుకుతుంది. బ్రెజిల్‌లో మంచు కురిస్తే పెరుగుతుంది, కురవకపోతే తగ్గుతుంది. కొండమీద రెండెకరాలున్న రైతుకు ఆ రేటు తెలియదు, తెలిసినా చేసేదేమీ లేదు. ధర బాగాలేదని నాలుగేళ్లు పెంచిన చెట్టును పీకి వేరే పంట వేయలేడు. పంట ఏడాదికోసారి, పొట్ట రోజుకు మూడుసార్లు. అందుచేత కోతకు ముందే అప్పు తెచ్చుకుంటాడు. అప్పిచ్చినవాడే పంట కొనేవాడు, కాటా కూడా వాడిదే. ముప్పైయేళ్లు బిల్లులు చూసిన గుమాస్తాగా చెబుతున్నాను: ఇండెంటు పెట్టేవాడూ, సరుకు తూచేవాడూ, బిల్లు పాస్ చేసేవాడూ ఒకడే అయినచోట ఆడిటు పార్టీ రాకుండానే ఫలితం ఊహించవచ్చు.

ఇప్పుడు బైబిలు మాట. పాత నిబంధన చదివేవారికి ఒక సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. దేవుని ధర్మశాస్త్రంలో తూకం రాళ్ల ప్రస్తావన ఎన్నిసార్లు వస్తుందో! సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటిగా రెండు రకాల రాళ్లు ఉంచుకోరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం కట్టడి చేస్తుంది. కూలివాని కూలి మర్నాటి ఉదయం దాకా నీ దగ్గర నిలవ ఉండరాదని లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉన్నది. ఆమోసు అనే ప్రవక్త పశువుల కాపరి, క్రీస్తుకు సుమారు 750 ఏళ్లకు పూర్వపువాడు. విశ్రాంతిదినం ఎప్పుడు ముగుస్తుందా, కొలత తగ్గించి ధర పెంచి ధాన్యం ఎప్పుడు అమ్ముదామా అని ఆరాధనలో కూర్చుని లెక్కలు వేసుకునే వర్తకులను ఆయన కడిగిపారేశాడు. కొత్త నిబంధనలో యాకోబు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయం మరీ సూటిగా ఉంటుంది. పొలం కోసినవారికి ఎగవేసిన కూలి దానంతటదే మొరపెడుతుందట, ఆ మొర దేవుని చెవిని పడుతుందట. ఇవి దానధర్మాల గురించిన మాటలు కావు. బేదలకు భిక్ష వేయమని చెప్పే వాక్యాలు వేరే ఉన్నాయి. ఇవి బాకీ గురించిన మాటలు.

ఈ వాక్యాలు చదివి ఊరుకోక, కాఫీ లెక్క తిరగవ్రాయడానికి పూనుకున్న ఒక ఫాదరుగారి కథ చెబుతాను. మనం విని ఉండవలసినంతగా వినని కథ.

ఆయన పేరు ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్. 1939లో హాలండు దేశంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. కేథలిక్ గురువు. అర్థశాస్త్రమూ, దైవశాస్త్రమూ రెండూ బాగా చదువుకున్నవాడు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి వెళ్లి పేదల మధ్య పనిచేశారు. 1973లో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు మెక్సికోకు రావలసి వచ్చింది. 1980లో దక్షిణ మెక్సికోలోని ఒహాకా రాష్ట్రంలో కొండప్రాంతానికి చేరారు. అక్కడివారు జపోటెక్ మొదలైన ఆదివాసీ జాతులవారు. పేదల బిషప్ అని పేరుపొందిన ఆర్తూరో లోనాగారి పరిధిలోని ప్రాంతమది. ఫాదరుగారు పెద్ద బంగళాలో కూర్చోలేదు. తనకంటూ కొద్దిపాటి కాఫీ తోట వేసుకుని దాని మీద బతికారు. పౌలు అపొస్తలుడు డేరాలు కుట్టి తన తిండి తాను సంపాదించుకున్నాడని మేము చదువుకుంటాము. ఈయన కాఫీ పండ్లు కోశారు.

అక్కడి దళారులను కొయోటెలు అంటారు. కొయోటె అంటే తోడేలు జాతి జంతువు. మన వాడుకలో గుంటనక్కలన్నమాట. రైతులూ, ఫాదర్లూ కలిసి కూర్చుని లెక్కలు వేశారు. మనకు కిలోకు ఎంత వస్తున్నది, పట్నంలో ఎంతకు పోతున్నది, మధ్యలో ఎవరెవరి చేతులు ఉన్నవి అని. ఆ లెక్కలోంచి ఒక సహకార సంఘం పుట్టింది. దాని పేరు పొడుగైనది. పొడి అక్షరాలు కలిపి ఊసిరి అంటారు. 1983లో దానికి చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. సొంత గిడ్డంగి, సొంత కాటా పెట్టుకున్నారు. కొండదారుల్లో సొంత బస్సు నడిపారు. రైతుబిడ్డలకు వ్యవసాయ పాఠశాల పెట్టారు. కొయోటెలు చూస్తూ ఊరుకోలేదు. బెదిరింపులు వచ్చాయి. సభ్యులలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సహకార సంఘం అంటే మనకు కోరం, మినిట్సు పుస్తకం, ఎన్నికల తగాదాలు గుర్తుకొస్తాయి. మినిట్సు పుస్తకంలో సంతకం పెట్టినందుకు ప్రాణం పోవడమనేది మనం ఎరగము.

సరుకు కూడబెట్టారు సరే, కొనేదెవరు? అప్పటికే ఐరోపాలో చర్చి సంస్థలు కొంత ప్రయత్నం చేస్తున్నాయి. 1973లోనే హాలండు సంస్థ ఒకటి గ్వాటెమాలా రైతుల సహకార సంఘం నుంచి కాఫీ నేరుగా తెప్పించింది. జర్మనీలో కేథలిక్, ప్రొటెస్టెంట్ సంఘాల సహాయ సంస్థలు కలిసి 1975లో గెపా అనే వ్యాపార సంస్థను పెట్టాయి. కాని ఆ కాఫీ ప్రత్యేకమైన చిన్న దుకాణాలలో, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర బల్లమీద అమ్ముడయ్యేది. భక్తిగలవారు ఏడాదికి రెండు పొట్లాలు కొనేవారు. మిగిలిన రోజులు మామూలు దుకాణంలో మామూలు కాఫీయే. రెండు పొట్లాలతో రైతు కడుపు నిండదు.

1980ల మధ్యలో వాన్ డెర్ హోఫ్ స్వదేశం వెళ్లినప్పుడు, లాటిన్ అమెరికాలో సేవ కోసం చర్చిల పూనికతో ఏర్పడిన సాలిడారిడాడ్ సంస్థలో పనిచేస్తున్న నికో రోజన్‌గారిని కలిశారు. ఒహాకా రైతులు చెప్పి పంపిన సందేశాన్ని వినిపించారు. మీరు ఇస్తున్న సహాయానికి కృతజ్ఞతలు, కాని మా కాఫీకి న్యాయమైన ధర ఇస్తే మీ సహాయం అక్కరలేదు అని దాని సారాంశం. ఈ మాట వినడానికి సులువుగానే ఉంటుంది గాని, చందాలు పోగుచేసి పంపించే సంస్థకు ఇది చేదుమాత్ర. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉండే ఏర్పాటును వారు వద్దంటున్నారు. బల్లకు ఎదురుగా సమానంగా కూర్చుంటామంటున్నారు.

ఇద్దరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. కొత్త కంపెనీ పెట్టడం కాకుండా ఒక ముద్ర తయారు చేయాలి. రైతు సంఘానికి నిర్ణీత ధర చెల్లించిన ఏ కంపెనీ అయినా ఆ ముద్రను తన పొట్లం మీద వేసుకోవచ్చు. అప్పుడు ఆ కాఫీ మామూలు దుకాణం అరలోనే ఉంటుంది. పెద్ద కంపెనీ ముందుకు రాలేదు గాని చిన్న కంపెనీ వచ్చింది. 1988 నవంబరు 15న మొదటి పొట్లాన్ని బియాట్రిక్స్ రాణిగారి భర్త క్లాస్ యువరాజుకు అందజేశారు. ఆ ముద్రకు పెట్టిన పేరు మాక్స్ హావెలార్.

ఆ పేరు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది మనబోటి ఒక ప్రభుత్వోద్యోగి కథ. ఇప్పటి ఇండొనేషియా అప్పట్లో హాలండువారి పాలనలో ఉండేది. 1830 నుంచి జావా ద్వీపంలో ఒక ఏర్పాటు పెట్టారు. రైతు తన భూమిలో కొంత భాగంలో ప్రభుత్వం చెప్పిన పంటలు, కాఫీ, చెరకు, నీలిమందు వంటివి పండించి ప్రభుత్వం చెప్పిన ధరకు అప్పగించాలి. ఆ డబ్బుతో హాలండులో రైలు మార్గాలు వేశారు, అప్పులు తీర్చుకున్నారు. ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కర్ అనే ఉద్యోగి 1856లో జావాలోని లెబాక్ జిల్లాకు అసిస్టెంటు రెసిడెంటుగా వచ్చాడు. అక్కడి స్థానిక అధిపతి రైతుల దున్నపోతులను లాక్కుంటున్నాడని, కూలి లేకుండా వెట్టి చేయిస్తున్నాడని కనిపెట్టి పైకి రిపోర్టు పంపాడు. పైవారు ఏం చేసి ఉంటారో ఇక్కడున్నవారెవరైనా చెప్పగలరు. విచారణ జరపలేదు, రిపోర్టు పంపినవాడినే మందలించారు. ఆయన మూడు నెలలకే రాజీనామా ఇచ్చి బయటికి వచ్చాడు. ముల్తాతులి అనే కలంపేరుతో 1860లో మాక్స్ హావెలార్ అనే నవల వ్రాశాడు.

ఆ నవలలో ఒక కాఫీ దళారి ఉంటాడు, ఒక పాస్టరు ఉంటాడు. దళారి పరమ భక్తుడు, లెక్కల మనిషి. జావా జనులు పని చేయడం ద్వారానే దేవుని దగ్గరకు రావాలని పాస్టరు ప్రసంగిస్తే దళారికి ఎంతో సంతృప్తి. కాఫీ చౌకగా వస్తుంది, ఆత్మలూ రక్షింపబడతాయి! క్రైస్తవుడిగా ఈ భాగం నాకు గుచ్చుకుంటుంది. విశ్వాసం తక్కెడను సరిచేయడానికీ పనికొస్తుంది, తప్పుడు తక్కెడ మీద గుడ్డ కప్పడానికీ పనికొస్తుంది. రచయితకు ఆ తర్వాత క్రైస్తవ మతం మీదనే నమ్మకం లేకుండాపోయింది. చర్చి మనుషులు ప్రారంభించిన ముద్రకు, చర్చిని ఎండగట్టిన పుస్తకం పేరు పెట్టడం నాకు సబబుగానే తోస్తుంది.

ముద్ర వచ్చిన కొద్ది నెలలకే దాని అవసరం అందరికీ తెలిసివచ్చింది. 1962 నుంచి కాఫీ దేశాలకూ కొనే దేశాలకూ మధ్య అంతర్జాతీయ ఒప్పందం ఉండేది. ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటా ఉండేది గనుక ధర మరీ పడిపోయేది కాదు. 1989 జూలైలో ఆ కోటాలు రద్దయినాయి. ధర కొద్దికాలంలోనే సగానికి వచ్చింది. మధ్యలో కొన్నేళ్లు కోలుకున్నా, 2001లో పౌనుకు 50 సెంట్ల దిగువకు జారింది. పౌను అంటే మన లెక్కలో సుమారు 454 గ్రాములు. ఆ సమయంలో న్యాయవర్తకం ముద్ర ఉన్న అరబికా కాఫీకి కనీస ధర 1 డాలరు 21 సెంట్లు, సంఘం సొంత పనులకు మరో 5 సెంట్లు, వెరసి 1 డాలరు 26 సెంట్లు. నూరు పౌన్ల గింజకు ఒకచోట 50 డాలర్లు కూడా రావు, మరోచోట 126 డాలర్లు. అదే గింజ, అదే కొండ. ఈ 126 మొత్తం రైతు చేతికి వస్తుందని కాదు. అది ఓడరేవులో సరుకు అప్పగించేటప్పుడు సహకార సంఘానికి ముట్టే మొత్తం. పొట్టు తీత, రవాణా, ఆఫీసు ఖర్చులు అందులోంచే పోతాయి. లెక్క చెప్పేటప్పుడు మినహాయింపులు కూడా చెప్పాలి.

ఆ కనీస ధర 2023 ఆగస్టు నుంచి 1 డాలరు 80 సెంట్లు అయింది, సంఘానికిచ్చే అదనపు సొమ్ము 20 సెంట్లు. ఆ అదనపు సొమ్ముతో బడి కట్టాలా, కళ్లం వేయాలా అనేది సభ్యులే సర్వసభ్య సమావేశంలో ఓటువేసి తేల్చుకుంటారు. మార్కెట్టు ధర కనీస ధర కంటే ఎక్కువుంటే మార్కెట్టు ధరే ఇవ్వాలి. 2025 ఫిబ్రవరిలో అది 4 డాలర్లు కూడా దాటింది. ఇంకో షరతు కూడా ఉన్నది, నా దృష్టిలో అదే ముఖ్యం. రైతు సంఘం అడిగితే కొనేవారు పంట విలువలో 60 శాతం దాకా ముందుగా సర్దుబాటు చేయాలి. అప్పిచ్చి పంట కట్టేసుకునేవాడి పట్టు సడలేది అక్కడే.

ఇంగ్లండులో 1992లో ఈ ముద్ర కోసం ఏర్పడిన ఫౌండేషన్ స్థాపకులలో క్రిస్టియన్ ఎయిడ్, కేథలిక్కుల సంస్థ కాఫోడ్ ఉన్నాయి. అమెరికాలో లూథరన్ సంఘాల సహాయ సంస్థ 1996లో ఈక్వల్ ఎక్స్ఛేంజ్ అనే సహకార సంస్థతో కలిసి ఒక పని చేసింది. అక్కడ ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కాఫీ తాగుతూ మాట్లాడుకోవడం రివాజు. ఆ కాఫీ చిన్నరైతుల సంఘాల నుంచి తెప్పించుకోమని చర్చిలను కోరింది. లోపల బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలుపంచుకుని, బయట బల్ల దగ్గర ఎవరి కూలో ఎగవేసిన కాఫీ తాగితే ఎలా అన్నది వారి ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని తప్పించుకోవడం కష్టం.

ఇదంతా స్వర్గమని నేననను. ముద్ర కోసం సంఘాలు తనిఖీ ఫీజులు కట్టాలి, రికార్డులు వ్రాయాలి. చదువు తక్కువైన చోట ఇది బరువే. ముద్ర ఉన్న సంఘం కూడా తన కాఫీ మొత్తాన్ని ఆ ధరకు అమ్ముకోలేదు, కొనేవారు చాలరు. మిగిలినది మామూలు ధరకే పోతుంది. రైతు దగ్గర పండ్లు కోసే కూలివాడికి ఎంత ముట్టిందనే ప్రశ్న ఉండనే ఉన్నది. పెద్ద ఎస్టేటులకు కూడా ముద్ర ఇవ్వవచ్చునా అన్న తగాదాతో 2011లో అమెరికా శాఖ విడిపోయింది. క్రైస్తవ విశ్వాసంతో 1979లో ఇంగ్లండులో మొదలైన ట్రెయిడ్‌క్రాఫ్ట్ సంస్థ 2023 జనవరిలో దివాలా స్థితికి వచ్చి మూతపడింది. నీతిగా వ్యాపారం చేసినవాడికి నష్టం రాదని బైబిలులో ఎక్కడా హామీ లేదు. వాన్ డెర్ హోఫ్‌గారు 2024లో మరణించే వరకూ ఆ రైతుల మధ్యనే ఉన్నారు.

మన మిత్రులొకరు ఈ సంగతులు విని ఒక ప్రశ్న వేశారు. మార్కెట్టు ధర కంటే ఎక్కువ ఇస్తే అది దానమే కదా, పేరు మార్చినంత మాత్రాన బాకీ ఎలా అవుతుందని. మంచి ప్రశ్న. దీనికి నా జవాబు గుమాస్తా జవాబు. మనం సర్వీసులో ఉన్న రోజులలో ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజీ ముందు ఎంత పెద్ద క్యూలు ఉండేవో జ్ఞాపకం చేసుకోండి. మార్కెట్టు లెక్క ప్రకారం మన జీతంలో సగానికే పనిచేయడానికి వందలమంది సిద్ధంగా ఉన్నారు. అంతమంది ఉన్నారు గనుక జూనియర్ అసిస్టెంటు జీతం సగం చేస్తామని ఏ పే కమిషన్ అయినా అన్నదా? అనలేదు. మనిషి కుటుంబంతో బతకడానికి ఎంత కావాలో చూసి లెక్క కట్టింది. తిండికి ఇంత, బట్టకు ఇంత, అద్దెకు ఇంత అని 1957లో భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి కొలతలు పెట్టింది. మనకు కట్టిన లెక్క దానం కాకపోతే, కొండమీది రైతుకు కట్టినది దానమెలా అవుతుంది? వరికీ గోధుమకూ మద్దతు ధర అని మన ప్రభుత్వమే ప్రకటిస్తుంది. ఆ జాబితాలో కాఫీ లేదు, అంతే.

పోపు ఆరో పౌలుగారు 1967లో వెలువరించిన లేఖలో ఇదే విషయం దేశాల మధ్య వర్తకానికి అన్వయించారు. బేరమాడే ఇద్దరూ సమానులైనప్పుడే స్వేచ్ఛా వర్తకం న్యాయమవుతుందని, ఒకరు ఆకలితో ఉండి ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఒప్పందం ధర్మమైపోదని ఆయన భావం. నేను కేథలిక్కును కాను. అయినా ఈ మాటను ఏ సంఘంవారైనా ఒప్పుకోవలసిందే.

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య కథ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కి యేసును చూశాడు. సండేస్కూలులో అక్కడితో ఆపుతారు. అతను పన్ను వసూలు శాఖవాడు గనుక నాకు తర్వాత భాగమే ఆసక్తి. యేసు తన ఇంటికి వచ్చాక అతను రెండు పద్దులు వేరువేరుగా చెబుతాడు. ఆస్తిలో సగం బీదలకు. అది దానం. అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నాడో వారికి నాలుగింతలు తిరిగి చెల్లింపు. అది బాకీ. రెండు పద్దులనూ ఒకే కాలమ్‌లో కలిపేయలేదు. మేము, అంటే చర్చివాళ్లము, ఎక్కువగా మొదటి పద్దే చూసుకుంటున్నాము. క్రిస్మస్‌కు చీరలు పంచుతాము. ఆ చీరలు పుచ్చుకునేవారిలో మా ఇళ్లలో తక్కువ జీతానికి పనిచేసే ఆవిడ కూడా ఉంటుంది.

ఇక మన రాష్ట్రం. కాఫీ అంటే కర్ణాటకలోని కొడగు, చిక్కమగళూరు అనుకుంటాము గాని, పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాలలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, రెండు లక్షలకు పైగా గిరిజన కుటుంబాలు కాఫీ పండిస్తున్నాయి. పోడు వ్యవసాయానికి బదులుగా ఐ.టి.డి.ఎ. వారు ఈ పంటను ప్రోత్సహించారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ. ఒక్కొక్కరికి ఎకరమో, రెండో. అంటే మెక్సికో కొండల రైతుకూ మన కొండల రైతుకూ భాష తప్ప తేడా లేదు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లోనే పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు.

ఏజెన్సీలో అప్పు, కాటా, దళారి కథ కొత్తది కాదు. బ్రిటిషువారి కాలంలోనే, 1917లో, మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకు ఒక చట్టం చేసి వడ్డీ నూటికి ఏడాదికి 24 రూపాయలు దాటరాదని, భూమి గిరిజనేతరులకు పోరాదని కట్టడి చేసింది. అమలు ఎలా జరిగిందో చెప్పనక్కరలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సంతలో షావుకారు చెప్పిన ధరకే చింతపండు, తేనె, అడ్డాకులు ఇచ్చేయవలసిన అగత్యం తప్పించడం దాని ఉద్దేశం. ఇప్పుడు కాఫీ కూడా కొంటున్నది, ప్రతి సీజనుకూ ముందుగా ధర ప్రకటిస్తున్నది. సంస్థలో లోపాలు లేవనను. ప్రభుత్వ సంస్థలో పనిచేసిన ఎవరూ అలా అనరు. కాని సంతలో ప్రకటించిన ధర ఒకటి ఉంటే, దళారి కూడా దానికి దగ్గరగా రాక తప్పదు. ఆ ఒక్క కాగితం బోర్డు మీద అంటించి ఉండడం వల్ల రైతుకు కలిగే బలం చిన్నది కాదు.

కాఫీ పొడి ధర గురించి ఇళ్లలో ఆడవారికి ఒక మాట. పొట్లం మీద చిన్న అక్షరాలు చదవండి. చికోరీ ఎంత శాతమో వ్రాసి ఉంటుంది. మన చట్టం ప్రకారం నూటికి 49 పాళ్ల దాకా చికోరీ కలపవచ్చు. చికోరీ ఒక దుంప, కాఫీ కాదు. చికోరీ పొట్లాన్నీ అసలు కాఫీ పొట్లాన్నీ పక్కపక్కన పెట్టి, అరకు కాఫీ ఖరీదెక్కువ అనుకోవడం సరైన పోలిక కాదు. రుచికి చికోరీ కావాలనుకునేవారు విడిగా కొని కలుపుకోవచ్చు. మా ఇంట్లో అలాగే చేస్తాము.

చివరగా కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. ఏటా సంక్రాంతి ముందు మన సంఘం ఏజెన్సీ గ్రామాలకు దుప్పట్లు పంపుతున్నది. మంచి పని, ఆపమనడం లేదు. అయితే నెలవారీ సమావేశాలకు మనం కొనే కాఫీ పొడి, ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ తెస్తున్నాము. ఆ పొడిని జనవరి నుంచి గిరిజన సహకార సంస్థ డిపోలోనో, అరకు రైతుల సహకార సంఘాల సరుకు అమ్మేచోటనో కొందామని మనవి చేస్తున్నాను. దుప్పట్ల పద్దు దుప్పట్లకే ఉంచి, ఇది సమావేశ ఖర్చుల పద్దులో వేయాలి. నెలకు రెండు కిలోల లెక్కన అదనంగా ఎంత ఖర్చవుతుందో ఒక చీటీ వ్రాసి కోశాధికారిగారికి ఇచ్చాను. తీర్మానాన్ని బలపరిచేవారు ఎవరైనా ఉంటే చేయెత్తవలసిందిగా అధ్యక్షులవారి అనుమతితో కోరుతున్నాను.